కాలువగట్టు కాపురము, వెనీసు ప్రయాణము

ఆమె: ఇన్నేండ్ల కాపురములో మనము చేసిన ప్రయాణములను ఒక్కసారి తలచుకొనుడు, ఎవరి కార్యముతోను ముడిపడక, కేవలము మన యిద్దఱి కొఱకే చేసిన ప్రయాణము వానిలో ఒక్కటియు కానరాదు. తిరుమలకు పోయినది మ్రొక్కు తీర్చుటకు, కాశికి పోయినది పెద్దల ఋణము తీర్చుటకు; పెండ్లిండ్లకును కర్మలకును తిరిగిన ఊళ్లకు లెక్క లేదు. సముద్రములు దాటి అమెరికాకు పోయినను అది అమ్మాయి పురుటికే గదా. మాసముల తరబడి ఆ దేశమున ఉండి నేను చూచినది వంటయిల్లును, పసివాని ఉయ్యెలయు, కిటికీ వెలుపల మంచును. ఇపుడు పిల్లల బాధ్యతలు తీరినవి. మీ పదవీ విరమణపు సొమ్ములో కొంత మిగిలినది. కాళ్లలో సత్తువయు కొంత మిగిలియున్నది. నీరే వీథియైన వెనీసు నగరమునకు మన మిరువురమే పోయి, ఒక వారము దినములు అచట నిలిచి, ఎవరికిని వండక, ఎవరి కొఱకును వేచియుండక తిరిగి రావలెనని నా కోరిక.

ఆయన: నీ కోరిక న్యాయమైనది, విహారము మనకు తగదని నేననను. నా ఆక్షేపణ అంతయు ఆ నగరమును గుఱించినదే. 1951లో ఆ నగరపు దీవులపై ఇంచుమించు 1,75,000 మంది కాపురముండెడివారు. 2022 నాటికి ఆ సంఖ్య 50,000 కంటె దిగువకు జాఱినది. 2023లో యాత్రికుల కొఱకు పఱచిన పడకల సంఖ్య అచటి నివాసుల సంఖ్యనే దాటినది. ఏటేట కోట్లకొలది జనులు చూచిపోవు ఊరిలో, ఊరివారికి కావలసిన అంగళ్లు ఒక్కొక్కటిగా మూతపడి, వచ్చిపోవువారికి కావలసినవి తెఱువబడుట సహజము. 2024 ఏప్రిల్ 25వ తేదీనుండి, జనసమ్మర్దము మిక్కుటముగా నుండు దినములలో, ఉదయము వచ్చి సాయంకాలము పోవువారిచేత 5 యూరోల ప్రవేశ రుసుము కట్టించుట ఆరంభించిరి. ఒక నగరము తన వీథులలో నడచుటకే సుంకము విధించినదన్నచో, 'ఇక చాలు, రాకుడు' అని చేతులు జోడించి చెప్పుచున్నట్లు గదా? రావలదన్న యింటికి అతిథులుగా పోవుట మనకు తగునా?

ఆమె: ఆ సుంకము ఎవరికో మీ మాటలోనే ఉన్నది. రాత్రి అచట బస చేయువారికి అది లేదు. పది దినములలో అయిదు దేశములు చూపుదుమని, బస్సులోనే అన్నము, పప్పు పెట్టించి, వెనీసునకు ఒక పూట మాత్రము విడిచిపెట్టు యాత్రా సంఘములు మన హైదరాబాదు నారాయణగూడనుండియు బయలుదేఱుచున్నవి. ఆ సంఘముతో నేను రాను. ఆ నగరము విసిగినది నిలువక చూచిపోవువారితో. ఇక పడకల మాట. మన అశోక్ నగరమును చూడుడు. గ్రూప్-1కును సివిల్ సర్వీసులకును చదువ వచ్చిన పిల్లలతో ఎన్ని యిండ్లు హాస్టళ్లయినవి, ఎన్ని పెద్ద హాళ్లు రీడింగు రూములయినవి! మన మేడమీది గది నిచ్చినదియు అట్టి పిల్లవానికే. ఊరివారికంటె వచ్చినవారే ఎక్కువైనను ఈ పేట చచ్చినదని మీరేనాడును అనలేదు. మెస్సులు, జిరాక్సు దుకాణములు, టిఫిను బండ్లు వారివలననే బ్రతుకుచున్నవని మీరే పలుమాఱు చెప్పితిరి.

ఆయన: పోలిక ముచ్చటగా నున్నది కాని పూర్తిగా అతుకదు. మన మేడమీది పిల్లవాడు నోటిఫికేషను వచ్చువఱకు, వచ్చిన పరీక్ష వాయిదా పడినచో మఱల జరుగువఱకు, ఏండ్ల తరబడి ఇచటనే ఉండును. సిటీ సెంట్రల్ లైబ్రరీలో చోటు కొఱకు తెల్లవాఱకముందే లేచును. కరెంటు పోయినచో మనతోపాటు ఉక్కను భరించును. మన యింటి ప్రక్కనున్న నాలా పొంగినచో మనతోపాటు సామాను పైకి చేర్చును. ఊరి కష్టములో పాలుపంచుకొన్నవాడు ఎచటివాడైనను ఊరివాడే. వెనీసులో నీవు వారము దినములున్నను, నీరు పెరిగిన నాడు అచటి ముసలమ్మ తన గడపకు అడ్డుపలక బిగించుచుండును. నీవు వంతెనమీద నిలిచి ఫోటో తీయుచుందువు. ఆ రెండింటి నడుమనున్న దూరమును వారము దినముల బస తగ్గింపజాలదు.

ఆమె: ఆ ముసలమ్మ గడప నాకు తెలియనిది కాదు. 2000వ సంవత్సరము ఆగస్టు 24వ తేదీన ఒక్క దినములో 24 సెంటీమీటర్ల వాన కురిసి, హుస్సేన్ సాగరపు మిగులు నీరు నాలాలో పట్టక దోమలగూడ మీదను, అశోక్ నగరము మీదను పడినప్పుడు, నా గడపకు అడ్డుపలకయు లేదు. అలమరలో క్రింది అరలోని పుస్తకములు పోయినవి. నా పెండ్లిచీరకు ఆ బురద మరక నేటికిని వదలలేదు. మన మిద్దఱము కలిసి పడవ యెక్కినది ఆనాడే, మన వీథిలోనే, బియ్యపు సంచి కాళ్లదగ్గఱ పెట్టుకొని. ఆ పడవను మఱచుటకైనను నాకు మఱియొక పడవ కావలెను. ఇది వాదము గాదు, మనసులోని మాట అందురేమో. దీనిలో వాదమును కలదు. వెనీసును 1966 నవంబరు 4వ తేదీన సముద్రము 194 సెంటీమీటర్ల ఎత్తున ముంచెను. ఆ నగరము చుట్టునున్న మడుగునకును సముద్రమునకును నడుమ మూడు ముఖద్వారములు గలవు. ఆ మూడింటియందును 78 ఇనుప తలుపులను నీటి అడుగున పరుండబెట్టి, సముద్రము పొంగు సూచన కలిగినపుడు వానిలో గాలి నింపి పైకి లేపునట్లు ఏర్పఱచి, 2020 అక్టోబరు 3వ తేదీన మొదటిసారి పొంగును వెలుపలనే నిలిపిరి. మునిగిన ఊరు మునుగుటను విధి యని ఊరకుండక ఏమి చేసినదో, మునిగిన యింటి యిల్లాలినైన నాకు కన్నులార చూడవలెనని ఉండుట తప్పా?

ఆయన: తప్పు కాదు, కాని ఆ కథను సాంతముగా చెప్పుకొందము. 1966లో మునిగిన నగరమునకు తలుపులు లేచినది 2020లో. నడుమ అర్ధశతాబ్దికి పైగా గడచినది. 500 కోట్ల యూరోలకు మించిన ధనము వ్యయమైనది. ఆ ధనములో చేతివాటము బయటపడి 2014లో నగరాధ్యక్షుడే నిర్బంధింపబడెను. 1501లో నెలకొల్పబడి శతాబ్దుల పర్యంతము ఆ మడుగును కాచిన జలాధికార పీఠము ఆ యేటనే రద్దయినది. తలుపులు పూర్తిగాకయే 2019 నవంబరు 12వ తేదీన 187 సెంటీమీటర్ల నీరు మఱల వచ్చినది. ఇంతకును ఇదియంతయు మనకు తెలిసినది పుస్తకములవలననే. దానికి విమానము అక్కఱలేదు.

నేను చెప్పదలచినది వేఱు. నీటి నగరము చూడవలెనన్నచో మన బెజవాడ యున్నది. ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ, మూడును ఆ పట్టణపు నడిబొడ్డునుండియే పోవుచున్నవి. 1852లో ఆరంభమై 1855లో ముగిసిన కృష్ణ ఆనకట్ట ఆ కాలువలకు ప్రాణము పోసినది. 1952లో అది తెగిపోగా, దానికి మాఱుగా కట్టిన బారేజి 1957లో ప్రకాశము పంతులుగారి పేర వెలసినది. పదమూడు లక్షల ఎకరముల మాగాణికి నీరిచ్చిన కట్టడము అది. వెనీసు జలము వర్తకులను పోషించినది; ఆ నగరపు ప్రధాన దేవాలయముపై నిలిపిన కంచు గుఱ్ఱములు 1204లో కాన్‌స్టాంటినోపిలును కొల్లగొట్టి తెచ్చినవి. మన కాలువల జలము అన్నము పెట్టినది. అన్నము పెట్టుటయే గాక మనుష్యులను మోసినది: ధవళేశ్వరమున పడవ యెక్కినవాడు ఏలూరు మీదుగా బెజవాడ చేరి, కృష్ణ దాటి కొమ్మమూరు కాలువలో దిగి, పెదగంజాము దగ్గఱ బకింగ్‌హాము కాలువ నందుకొని, నీటిమీదనే మద్రాసు చేరెడివాడు. మా నాయనమ్మ కాపురమునకు వచ్చినది బందరు కాలువమీద పడవలో. మనుష్యులు గట్టుమీద తాడు భుజమున వేసికొని లాగుచుండగా, రాత్రియంతయు పడవ సాగెననియు, లాకుల దగ్గఱ ఆగినపుడు గట్టున పొయ్యి పెట్టి అన్నము వండుకొనిరనియు, తాతగారితో మొదటి మాట ఆ గట్టుననే మాటలాడితిననియు ఆమె చెప్పెడిది. దంపతుల జలయాత్ర మన వంశములోనే ఉండగా పరుల పడవ యేల?

ఆమె: మీ నాయనమ్మగారి పడవ కథ నేను మొదటిసారి విన్ననాటినుండియు నాకు ప్రియమైనది, దానిని నా వాదముతో తక్కువ చేయను. ఆనకట్ట గొప్పదనుటలో నాకు సందేహము లేదు. మా పుట్టినింటివారి ధాన్యపు గాదె నిండినది ఆ నీటివలననే. కాని, ఏమండీ, ఒక్క ప్రశ్నకు ఉత్తర మీయుడు: ఆమె వచ్చిన కాలువపై నేడు నన్ను పడవలో తీసికొనిపోగలరా? ఆ మూడు కాలువలకును బెజవాడ తన వీపు త్రిప్పినది. పెరటి చెత్త వానిలో పడుచున్నది. మురుగు వానిలో కలియుచున్నది. వేసవిలో మరమ్మతుల కొఱకు కాలువలు కట్టివేయుదురు గనుక, నలుగురికి తీరిక చిక్కు కాలమున వానిలో నీరే ఉండదు. అవి పొలమునకు పోవుచు దారిలో ఊరిని దాటుచున్న కాలువలు; ఊరు వానిని తనవిగా స్వీకరింపలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి అజిత్ సింగ్ నగరము మునిగినపుడు నీరు ఆ పట్టణమునకు శత్రువుగానే కనబడినది. నేను చూడగోరునది నీటికి ముఖము త్రిప్పి కట్టిన ఊరు. అచట ఇంటి సింహద్వారము నీటివైపున నుండును. రోగిని మోయునది పడవ, మంటలార్పువారు వచ్చునది పడవ, తుదకు శవము పోవునదియు పడవయే.

ఆయన: తీసికొనిపోలేను. 2008లో కాకినాడనుండి పుదుచ్చేరి వఱకు ఈ మార్గమును జాతీయ జలమార్గము 4 అని ప్రకటించిరి గాని, మా నాయనమ్మ పడవ తిరిగి రాలేదు. ఈ విషయమున నీదే పైచేయి. అయినను ఆలోచింపుము: ఆ కాలువలను ఎవరును చూడబోకుండుటవలననే గదా అవి పెరటి కాలువలయినవి? ప్రేమతో చూచు కన్నులు లేని నీరు మురుగగును. వెనీసును చూచుటకు కోట్లమంది యున్నారు. మన మిద్దఱము పోకున్నను దానికి లోటు లేదు, పోయినచో భారమే. కొమ్మమూరు గట్టున నడచి లాకు దగ్గఱ నిలిచి, 'ఇచట పడవ యెట్లు ఎక్కెడిది, ఎట్లు దిగెడిది' అని అడుగు ముసలి దంపతులు కనబడినచో, ఆ గట్టువారికి ఆ లాకు మఱల కనబడును.

ఆమె: అటువంటి దంపతులము కావలెనన్నచో అడుగుటకు మనకు ఒక నమూనా తెలిసియుండవలెను. నేను ఈ నాలా ప్రక్కన ఇన్నేండ్లుగా ముక్కు మూసికొని నడచుచున్నాను. 1562లో కట్టిన హుస్సేన్ సాగరము ఒకప్పుడు జనుల త్రాగునీటి చెఱువు. దాని మిగులు నీరు మూసీకి పోవు దారి యిది. ఇది ఇంతకంటె మఱియొక విధముగా ఉండవచ్చునన్న ఊహయే నాకు కలుగలేదు. ఉన్నదానిని చూచి చూచి, ఉండదగినది మఱచిపోయితిని. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ ఈ నగరమును ముంచినప్పుడు నిజాము ప్రభుత్వమువారు పిలిపించిన విశ్వేశ్వరయ్యగారు విదేశ పర్యటనలో నుండి వచ్చినవారే. ఆయన సలహామీదనే ఎగువ ఉస్మాన్ సాగరము, హిమాయత్ సాగరము వెలసినవి. పరుల నీటిని చూచిన కన్నులు మన నీటికి పనికివచ్చినవి గదా?

ఆయన: ఆయన ఇంజనీరు. నేను బడిలో పాఠములు చెప్పి విరమించినవాడను, నీవు గృహిణివి. మనము చూచి వచ్చి యేమి కట్టుదుము? మన నగరమునుండి విదేశములకు పోయి కాలువలను, నదీతీరములను చూచి వచ్చినవారు తక్కువమంది కారు. అధికారులు పోయిరి, నాయకులు పోయిరి. 2023లో ఇందిరా పార్కునుండి వి.ఎస్.టి. వఱకు రెండుంబావు కిలోమీటర్ల ఉక్కు వంతెన లేచినది. క్రింద నాలా నాలాగనే ఉన్నది. చూచుటవలన మార్పు వచ్చునన్నచో ఈపాటికి వచ్చియుండవలెను.

ఆమె: ఆ వంతెన వాహనములు ఆగకుండుటకు కట్టినది. కట్టువారు ఏది కట్టవలెనో, అడుగువారినిబట్టి యుండును, అడుగువారము మనము. ఇంజనీరు కానివారికి చూచు హక్కు లేదన్నచో, వీరాస్వామయ్యగారు 1830లో కాశికి బయలుదేఱి, దారిలోని సత్రములు, బాటలు, చెఱువులు, మన హైదరాబాదు, అన్నియు వ్రాసి పెట్టుట వ్యర్థమే కావలెను. ఆయన పోయినది తీర్థమునకే. కాని ఆ గ్రంథము నేటికిని నిలిచినది దారిని చూచిన ఆ చూపువలన.

మఱియొక మాట, చిన్నది. నాకు మాత్రము పెద్దది. త్యాగరాయ గానసభలో కచేరి ముగిసి ఇంటికి వచ్చునపుడు మన మిద్దఱము ప్రక్కప్రక్కన నడచిన రాత్రి ఒక్కటి చెప్పుడు. కాలిబాటమీద బండ్లు, స్కూటర్లు; మీరు ముందు, నేను వెనుక; కీర్తన గుఱించి మీరేదో చెప్పుదురు, హారనుల నడుమ నాకు సగమే వినబడును. చౌరస్తా దాటునపుడు మీరు చేయి వెనుకకు చాచుదురు, నేను పట్టుకొందును. మన దాంపత్యములో చేయి పట్టుకొనుట రోడ్డు దాటుటకే మిగిలినది. వాహనమన్నది లేని ఊరిలో, మీ మాట పూర్తిగా వినుచు, ప్రక్కన నడువవలెనని నా ఆశ. మహమ్మద్ కులీ చార్మినారు కట్టించిన 1591లోనే వారు రియాల్టో వంతెన ముగించిరి. నేటికిని దానిపై నడచునది మనుష్యులే, వాహనములు కావు.

ఆయన: ఈ మాటకు నేను ఎదురాడలేను, ఎదురాడుట నాకు ఇష్టమును లేదు. కాని నీవు ఊహించు వెనీసునకును ఉన్న వెనీసునకును భేదము చెప్పకున్నచో నీకు ద్రోహము చేసినవాడనగుదును. అచట 53 సెంటీమీటర్ల వెడల్పు గల సందు గలదు. రద్దీ దినములలో ముఖ్య వీథులలో జనులు ఒకరి వెనుక నొకరు జరుగవలసినదే. 2024లో యాత్రా బృందములో 25 మందికి మించి యుండరాదనియు, బిగ్గఱగా పలుకు యంత్రములు వాడరాదనియు శాసింపవలసి వచ్చినది. 400కు పైబడిన వంతెనలు. ఇంచుమించు అన్నియు మెట్లే. నా మోకాలు నీకు తెలియును. అరగంట గొండోలా విహారమునకు 90 యూరోలు. వీసా దరఖాస్తునకు తలకొక 90 యూరోలు, వీసా వచ్చినను రాకున్నను. విమానము, బస, భోజనము చేర్చినచో, ఆ సొమ్ముతో రేపు ఆసుపత్రి గడప తొక్కవలసి వచ్చినపుడు పిల్లలను అడుగనక్కఱలేని ధైర్యము పోవును. ఇది పిసినితనము కాదు. మన వయసువారి స్వాతంత్ర్యము ఆ సొమ్ములోనే ఉన్నది.

ఆమె: గొండోలా నాకు వలదు, ఊరివారెక్కు నీటి బస్సు చాలును, దానికి మెట్లును లేవు. సొమ్మును గుఱించి మీరన్నది సత్యము, ఆ భయము నాకును కలదు. కాని మోకాలు ఈ యేటికంటె వచ్చు ఏడాది బాగుండునని ఏ వైద్యుడును చెప్పలేదు. దాచిన సొమ్ము నిలిచి, నడచు కాలు నిలువకున్నచో ఆ స్వాతంత్ర్యముతో ఎచటికి పోవుదుము? ఇంకొకటి: ఆ నగరము మనకు పూర్తిగా పరాయిది కాదు. వెనీసు వర్తకుడు మార్కో పోలో మోటుపల్లి రేవును, వజ్రములను, సాలెగూటివంటి సన్నని వస్త్రములను, న్యాయముతో దేశమేలిన రాణిని వర్ణించెను. ఆమె మన రుద్రమదేవి యని చరిత్రకారులు గుర్తించిరి. ఆమె తండ్రి గణపతిదేవుడు 1244 ప్రాంతమున మోటుపల్లిలోనే శాసనము వేయించి, ఓడ పగిలి ఒడ్డుకు చేరిన సరకును ఇక స్వాధీనము చేసికొనబోమని పరదేశ వర్తకులకు అభయమిచ్చెను. వారు మన ఊరిని గుఱించి వ్రాసికొన్నారు. ఏడు శతాబ్దుల తరువాత మనము వారి ఊరు చూచి వత్తుము.

ఆయన: మోటుపల్లి పేరు నీవే యెత్తితివి. అది బాపట్ల జిల్లాలో, నేను చెప్పిన కొమ్మమూరు కాలువ బకింగ్‌హాము కాలువతో కలియు పెదగంజామునకు దాపున ఉన్నది. వెనీసువాడు తన గ్రంథమున కెక్కించిన రేవు నేడొక పల్లె. చిక్కడపల్లినుండి బయలుదేఱినచో ఒక్క దినములో చేరగలము. మన మిద్దఱమును దానిని చూడలేదు. మార్కో పోలో గ్రంథము చదివినవాడు అడుగు మొదటి ప్రశ్న 'మీ మోటుపల్లి యెట్లున్నది?' అని గదా. వెనీసులో ఎవరైన అడిగినచో నీవేమి చెప్పుదువు?

ఆమె: చెప్పుటకు నావద్ద ఏమియు లేదు. అది నా వాదములో చిల్లు; ఒప్పుకొనుచున్నాను.

ఆయన: అయినచో ముందు కార్తికములో బెజవాడ పోవుదము. కాలువలలో నీరుండును. బారేజిమీద సాయంకాలము ప్రక్కప్రక్కన నడువవచ్చును. అచటినుండి కొమ్మమూరు గట్టు వెంట మోటుపల్లి. ఆ తరువాత, ఓపికయు సొమ్మును మిగిలినచో, వెనీసు.

ఆమె: బెజవాడ వత్తును, మోటుపల్లికిని వత్తును, ఆ రెండింటిపై నాకిపుడు మనసు కలిగినది, అది మీ గెలుపే. నేను అంగీకరింపనిది ఆ 'ముందు', ఆ 'తరువాత'. ముందు ఆడపడుచుల పెండ్లిండ్లు, ముందు ఇంటి అప్పు, ముందు పిల్లల చదువులు. ఒక్కొక్కటియు న్యాయమైనదే, ఒక్కదానికిని నేను అడ్డు చెప్పలేదు. కాని ఈ యింటిలో నా కోరిక లన్నియు 'తరువాత' అను అరలోనే దాచబడినవి. ఆ అరను 2000లో వచ్చిన నీరు కూడ తెఱువలేదు. టికెట్లు ఈ మాసములోనే కొందము, తేదీ ఏదైనను సరే. అటుపిమ్మట మోటుపల్లికి రేపే బయలుదేఱుదమన్నను వత్తును.

ఆయన: కొందమనియే యనుకొందము. నేను మొదట వేసిన ప్రశ్నకు నీవింకను ఉత్తర మీయలేదు. వారము దినములు నిలుతుమంటివి. ఎవరి యింట పరుందుము? ఆ గది మన కీయబడుటకు ముందు అందులో ఒక కుటుంబ ముండెను. అద్దె చాలక ఊరు విడిచి వంతెన కావలి మెస్త్రే పట్టణమునకు పోయినది. మనము చేయి చేయి పట్టుకొని నడచుటకు వారి కాపురము తరలవలసి వచ్చినది. మునిగిన గడప గల దానవు నీవు. ఈ లెక్క నీకు చిన్నదిగా తోపదు.

ఆమె: తోపదు. అందుకే గదియిచ్చువాడు ఆ దీవులమీదనే కాపురముండి, తన యింటిలోనే ఒక గది యిచ్చుచున్నాడా యని ముందుగా వ్రాసి కనుగొందును, మనము మేడమీది గది నిచ్చినట్లే. అట్టివాడు దొరకినచోనే పోవుదము.

ఆయన: దొరకనిచో?

ఆమె: దొరకనిచో టికెట్లు కొనకముందే మీతో మఱల వాదమునకు కూర్చుందును, అపుడు నా పక్షము ఏదియో నేనిపుడే చెప్పలేను.